ఏడో గొంతు పిన్నిది

మేడ మీద అద్దె గది,
సోమవారం

బాబాయ్,

ఇంటికి రాస్తే పిన్ని విప్పి చదువుతుంది, చదివింది వీధికి వినిపిస్తుంది. అందుకని నువ్వు పనిచేసే కలప అడితికే రాస్తున్నాను. ఫోన్ చేద్దామంటే నువ్వు ఒకసారి "ఆఁ" అంటావు, ఇంకోసారి "ఆఁ" అంటావు, పిన్నికి ఇచ్చేస్తావు.

నా గోడు విను. ఇన్నేళ్ళుగా సినిమాల్లో నేనేం వెలగబెడుతున్నానో నీకు తెలుసు. హీరోయిన్ ఏడిస్తే రుమాలు అందిస్తాను. హీరోయిన్ నవ్వితే వెనక నిలబడి ఇంకాస్త గట్టిగా నవ్వుతాను. నేను చీపురు పట్టుకున్నన్నిసార్లు నిజం పనిమనుషులు కూడా పట్టుకుని ఉండరు. ఈసారి మాత్రం ఒక సీను వచ్చింది, పూర్తిగా నాది. పనిమనిషినేలే, అందులో మార్పు లేదు. ఇంటివాళ్ళు ఊరెళ్తారు. పెద్ద హాల్లో ఒక్కదాన్నే అద్దాలు తుడుస్తుంటాను. రేడియోలో వస్తున్న పాట సగంలో ఆగిపోతుంది. మిగతా సగం నేను పాడతాను, పేరున్న గాయకుల్లో ఒక్కొక్కళ్ళ గొంతులో ఒక్కో ముక్క. తేనె గొంతావిడ, ముక్కుతో పాడే ఆవిడ, ప్రతి మాట చివరా ఏడ్చే ఆవిడ, జలుబు చేసినట్టు పాడే పెద్దాయన, ఇలా ఆరుగురు. చిన్నప్పుడు మీ పెరట్లో దండెం కింద నిలబడి చేసేదాన్ని చూడు, అదే. డైరెక్టరు నా చేత అది చేయించడానికే ఈ సీను రాశాడు. అతన్ని మేమంతా టోపీ అంటాం. స్నానానికి కూడా దాన్ని తీయడని వినికిడి.

పాడాను బాబాయ్. ఆరు గొంతులూ నేనే. నిన్న బయటివాళ్ళు కొందరికి వేసి చూపించారు. అంతా బాగుందన్నారు. ఒకాయన నిర్మాత పక్కకి జరిగి, ఆరుగురు పెద్ద గాయకుల్ని ఒక్క పాటకి ఎలా ఒప్పించారండీ అని అడిగాడు. ఇంకొకాయన నన్నే మెచ్చుకున్నాడు. ఆరుగురి పాటకీ పెదాలు భలే కలిపావమ్మా, అన్నాడు.

అర్థమైందా? సినిమాలో పాడే మనిషి వేరు, పెదాలు కదిపే మనిషి వేరు. అది చంటిపిల్లలక్కూడా తెలుసు. నేను సరిగ్గా పాడితే పాడింది నేను కాదు. తప్పుగా పాడితే అది అనుకరణే కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిర్మాత మాత్రం తేల్చేశాడు. ఎవరికీ తెలియని గొప్పకి అంత నిడివి దండగ, తీసేద్దాం అన్నాడు. కత్తిరించే గదికి పోయేలోపు, పాడింది నేనేనని జనం నమ్మే దారి చూపిస్తే ఉంచుతాడట.

ఇదొక్కటీ పోతే మళ్ళీ రుమాలు, చీపురే.

పిన్నికి చెప్పకు.

పిట్ట

*

అడితి, రంపాల గది

పిట్టకి,

ఉత్తరం అందింది. నేను క్షేమం. రంపాలు క్షేమం. మీ పిన్ని కూడా క్షేమం.

దారి చెప్పమన్నట్టు రాశావు. నాకు తెలీదు. నాకు తెలిసింది ఆకురాయి పట్టుకుని రంపం పళ్ళకి పదును పెట్టడం. పదును కుదిరితే కోసినవాణ్ణి మెచ్చుకుంటారు. చెడితే నన్ను పిలుస్తారు. నీ పనీ అలాగే ఉంది. ఇంతకంటే చెప్పలేను.

ఇక్కడ విశేషాలు లేవు. పగలంతా రంపం, సాయంత్రం మీ పిన్ని. రంపాన్నయితే పొద్దుగూకితే ఆపేస్తారు. ఆవిడ ఇంకా ఆ పడవ పాటే పాడుతోంది. పక్కింటి దర్జీ మనవైపు కిటికీకి రెండో తలుపు పెట్టించాడు. గాలి కోసమన్నాడు. తలుపు మూస్తే గాలి ఎలా వస్తుందని మీ పిన్ని అడగలేదు. నేనూ అడగలేదు.

దిగులు పడకు.

బాబాయి

*

స్టూడియో క్యాంటీన్,
గురువారం

బాబాయ్,

దారి దొరికింది. అది తిన్నగా మీ ఇంట్లోకే పోతోంది. అందుకే వణుకు.

నిన్న తిండి దగ్గర లైట్లవాళ్ళు ఏదో ఒకటి పాడమని ప్రాణం తీశారు. విసుగెత్తి పిన్నిని చేశాను. కళ్ళు మూసుకుని, అరచెయ్యి చెవికి ఆనించి, "తెరచాప దించవోయ్" అని ఎత్తుకున్నాను. అదే శ్రుతిలో, అదే సాగదీతతో, "పాలు పొంగుతున్నాయండీ, కళ్ళున్నాయిగా, చూడండీ" అని, ఊపిరి తీయకుండా "పడవోడా" దగ్గర దిగాను. ఆవిడ పాడేటప్పుడు ఇల్లు తగలబడుతున్నా పాట ఆపదు కదా, మంటల్ని కూడా తాళంలోనే తిడుతుంది. లైట్లవాళ్ళు పొట్టలు పట్టుకున్నారు.

మూల బల్ల దగ్గర టోపీ ఉన్నాడని చూసుకోలేదు. లేచొచ్చి మళ్ళీ చెయ్యమన్నాడు. చేశాను. ఈసారి పాటలో చెప్పులు వాకిట్లో విడవనందుకు నీకు తిట్లు కూడా పడ్డాయి. ఎవరీవిడ అన్నాడు. మా పిన్ని అన్నాను. ఆవిడ రికార్డులు దొరుకుతాయా అన్నాడు. ఉన్న రికార్డు మా బాబాయి చెవులే, అవీ అరిగిపోయాయి అన్నాను.

అతను చెప్పేది ఇది. ఆరు గొంతుల తరవాత ఏడోది పిన్నిది పెడదాం. పాట మధ్యలో పాలు పొంగే ఇలాంటి పాటని ఏ గాయనీ వచ్చి పాడిపెట్టదు. పైగా తరవాత గదిలో కూర్చుని గొంతు అతికించేది కాదు, షూటింగులోనే మైకు పెట్టి, కెమెరా ఆపకుండా, ఏడు గొంతులూ ఒక్క పట్టున. అప్పుడు నమ్మక చస్తారా, అన్నాడు. నాకూ నిజమేననిపించింది.

చిక్కల్లా ఒక్కటే. నేను పిన్నిని చేస్తానని మన వీధిలో పిన్నికి తప్ప అందరికీ తెలుసు. దర్జీ పెళ్ళాం పొర్లి పొర్లి నవ్వేది. నువ్వు కూడా ఒకసారి నవ్వి, కంట్లో రంపపు పొట్టు పడిందన్నావు. పెరట్లో నవ్వుకోవడం వేరు, గోడంత తెర మీద వేరు. ఆవిడకి చెప్పకుండా చెయ్యను. చెప్పడం నా వల్ల కాదు. నేను మొదటి మాట అనేసరికి ఆవిడ ఏడుస్తుంది, రెండో మాటకి నేను ఏడుస్తాను, మూడో మాట ఉండదు. నువ్వు అడుగు. నువ్వు నోరు విప్పితే చాలు, ఆ వింతకే సరే అనేస్తుంది.

పిట్ట

*

అడితి, రంపాల గది

పిట్టకి,

ఇంకా అడగలేదు.

మొన్న అడుగుదామనుకున్నాను. మంచి హుషారుగా ఉంది. చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను. నిన్న కోపంగా ఉంది. కోపంలో ఎందుకని ఊరుకున్నాను. ఇవాళ పొద్దున్న హుషారూ లేదు, కోపమూ లేదు. నా దగ్గర వంక లేదు. అందుకని పెందలాడే అడితికి వచ్చేశాను. యజమాని కంగారుపడి ఇంట్లో ఏం జరిగిందన్నాడు. ఇంకా జరగలేదన్నాను.

ఇంకో ఇబ్బంది ఉంది. నా మాట సగంలో ఉండగానే మిగతా సగం మీ పిన్ని అనేస్తుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే. చాలావరకు సరిగ్గానే అంటుంది. అందుకే నేను అలవాటు చేసుకోలేదు, మాటలు చివరిదాకా అనడం.

రేపు అడుగుతాను.

బాబాయి

*

అడితి

పిట్టకి,

అడిగాను. సరే అంది. చాలా సంతోషంగా ఉంది.

బాబాయి

*

మేడ మీద అద్దె గది

బాబాయ్,

నీ ఉత్తరం చదివి గదిలో గంతులేశాను. కింద అద్దెకుండే నర్సు కర్రతో పైకప్పు పొడిచింది. టోపీకి చెప్పాను, శుక్రవారం షూటింగ్ పెట్టేశాడు. నిర్మాత కూడా సరే, చివరి అవకాశం అన్నాడు.

గంతులు అయ్యాక ఇంకోసారి చదివాను. చాలా సంతోషంగా ఉందని రాశావు. తనని పదిమందిలో వెక్కిరిస్తానని అడిగితే పిన్ని ఒప్పుకుందంటే, ఆవిడ మంచిది కాబట్టి, నమ్ముతాను. సంతోషించిందంటే మాత్రం నమ్మను. నువ్వు ఏమన్నావు, ఆవిడ ఏమంది? మాటకి మాట రాయి. పొదుపు చెయ్యకు.

పిట్ట

*

అడితి, రంపాల గది

పిట్టకి,

మాటకి మాట రాస్తున్నాను.

నేను: "పిట్ట ఉత్తరం రాసింది. సినిమాలోకి నీ పాట కావాలంట. నీ గొంతుతో..."

మీ పిన్ని: "నా గొంతుతో పాడిస్తారా?"

నేను ఇంకా చెప్పబోయాను. ఆవిడ ఏడుస్తోంది. చేత్తో మొహం తుడుచుకుని "ఇన్నాళ్ళకి" అంది. ఆ ఒక్క మాటే. ఆవిడ ఒక్క మాటతో ఆపడం నేనెప్పుడూ చూడలేదు. నా మిగతా వాక్యం లోపలే ఉండిపోయింది. ఇంకా అక్కడే ఉంది.

ఇప్పుడు వీధంతా తెలుసు. దర్జీ కొత్త బట్టలు ఒక్క రోజులో కుట్టి ఇచ్చాడు. అతను ఏ పనీ అంత తొందరగా చేసి ఎరగడు. ఊరు ఎన్నాళ్ళు వెళ్తున్నారు అని మాత్రం రెండుసార్లు అడిగాడు. మీ పిన్ని చల్లనీళ్ళు మానేసింది. గొంతు అరిగిపోతుందని మాటలు కూడా మానేసి సైగలు చేస్తోంది. ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినబడుతోంది. బాగానే ఉంది. ఒక పూట.

శుక్రవారం పొద్దున రైల్లో దిగుతుంది. నన్నూ రమ్మంది, సైగతోనే. రంపాలు వదిలి రాలేనన్నాను. రంపాలు నన్ను ఉండమనలేదు.

స్టేషన్లో నువ్వే చెప్పు. నీకు మాటలొచ్చు.

బాబాయి

*

మేడ మీద అద్దె గది,
బుధవారం

బాబాయ్,

నువ్వు పదును పెట్టేది రంపాలకనుకున్నాను. నా మెడకని తెలీదు.

ఈ ఉత్తరం చేరేసరికి ఆవిడ రైలెక్కేసి ఉంటుంది కాబట్టి ఇందులో తిట్లు తప్ప పనికొచ్చే ముక్క ఉండదు. తిట్లు కూడా రాయను. పిన్ని గొంతులో నువ్వే ఊహించుకో, తాళంతో సహా.

పిట్ట

*

మేడ మీద అద్దె గది,
శనివారం

బాబాయ్,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కూర్చుని చదువు.

రైలు దిగింది. కొత్త బట్టలు, మెడ చుట్టూ ఉన్ని గుడ్డ, ఈ ఎండలో. నన్ను చూసి నవ్వింది, గొంతు మీద వేలు పెట్టి, మాట్లాడనని సైగ చేసింది. కారులో దారంతా అంతే. ఆలోచించు. పిన్ని పక్కన కూర్చుని ఉంది, మాట్లాడదు, నేను ఎంతైనా చెప్పుకోవచ్చు. జన్మలో మళ్ళీ రాని అవకాశం. రెండుసార్లు "పిన్నీ" అన్నాను. నా చెయ్యి పట్టుకుని నిమిరింది. ఇక నా నోరు పెగల్లేదు. అందరూ నీకు బాబాయి పోలిక అంటారు, ముక్కు గురించి అనుకున్నాను ఇన్నాళ్ళూ.

షూటింగ్ దగ్గర టోపీ ఎదురొచ్చి రండమ్మా అన్నాడు. కెమెరా వెనక కుర్చీ వేయించాడు. సంగతి తెలియని మైకుల ఆయన, పెద్దావిడ కదా, బాగా వినబడాలని తన హెడ్‌ఫోన్ల చెవి డిప్పలు తీసి ఆవిడకి తగిలించాడు. పిన్ని వీపు నిటారుగా పెట్టి, అరచెయ్యి చెవి డిప్ప మీద ఆనించి, తన వంతు కోసం కూర్చుంది.

మొదలుపెట్టమన్నారు. గుడ్డ పట్టుకుని అద్దాల దగ్గరికి వెళ్ళాను. ఆరు గొంతులూ పాడాను. ఇంత బాగా ఎప్పుడూ రాలేదు, భయం వల్లేమో. ఆరోది అయ్యాక పిన్ని వైపు చూశాను. ఆవిడ ఊపిరి తీసుకుంటోంది, నోరు తెరుస్తోంది. నేను కళ్ళు మూసుకున్నాను. "తెరచాప దించవోయ్" అన్నాను.

ఆవిడ నోట్లోంచి రావలసిన గొంతు ఆవిడ చెవుల్లో వినబడింది. కళ్ళు మూసుకున్నా నాకు తెలిసింది, ఆ ఊపిరి అక్కడే ఆగిపోయింది. నేను ఆపలేదు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టే ధైర్యం లేదు. "పాలు పొంగుతున్నాయండీ, కళ్ళున్నాయిగా" అన్నాను.

కెమెరా వెనక నుంచి, అదే గొంతు, అదే శ్రుతి: "నేనెప్పుడన్నానే అలా?"

అందరూ కొయ్యబారిపోయారు. కెమెరా తిరుగుతోంది. నాకేం పూనిందో తెలీదు బాబాయ్, పిన్ని గొంతులోనే జవాబు చెప్పాను, ఇప్పుడంటున్నావుగా అని. తరవాత ఆవిడ, "దించవోయ్ దగ్గర అంత సాగదీయకు, పడవ మునుగుతుంది" అంది. సాగదీయకుండా మళ్ళీ పాడాను. "ఆఁ" అంది. "పడవోడా" ఇద్దరం ఒకేసారి అన్నాం. ఎవరిది ఎవరిదో మైకుల ఆయనకే తెలియలేదట.

టోపీ ఆపమనడం మరిచిపోయాడు. కళ్ళు తుడుచుకోవడానికి నెత్తి మీది టోపీ తీశాడు. లోపల జుట్టు నిక్షేపంగా ఉంది. అంతా కొంచెం నిరాశపడ్డాం.

అందరూ చప్పట్లు కొడుతుంటే పిన్ని చెవి డిప్పలు తీసి మైకుల ఆయన ఒళ్ళో పెట్టింది. సంచీ ఏదని అడిగింది. భోజనం వద్దంది. స్టేషన్లో రైలు కదిలే ముందు కిటికీలోంచి, "నన్ను పిలిచింది పాడటానికి కాదా?" అంది. కాదన్నాను. "మీ బాబాయికి తెలుసా?" అంది. తెలుసన్నాను. తల ఊపింది.

సీను వజ్రంలా వచ్చిందంటున్నారు. నిర్మాత ఉంచుతానన్నాడు. నేను గంతులు వెయ్యలేదు. ఆవిడ తీసేయమంటే తీయించేస్తాను, నా చీపురు నాకుంది. అడిగి రాయి. ఈసారి వాక్యం చివరిదాకా అడుగు.

పిట్ట

*

అడితి, రంపాల గది

పిట్టకి,

మీ పిన్ని వచ్చింది. వచ్చాక పాట లేదు, మాట లేదు. సైగ కూడా లేదు. టీ గ్లాసు నాకు అందకుండా, అలాగని అందదని నేను అనకుండా, మధ్యలో పెడుతోంది.

దర్జీ సాయంత్రం కిటికీ తెరిచి కాసేపు నిలబడ్డాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. ఆవిడకి ఒంట్లో బాగాలేదా అని నన్ను అడిగాడు.

వాక్యాన్ని అడితిలో రంపం ముందు నిలబడి చెప్పుకున్నాను. రంపం తిరుగుతుంటే ఎవరికీ వినబడదు. ఇంటికెళ్ళి ఒక్క ఊపిరిలో చెప్పాను. "పిట్ట నీలా పాడింది. చిన్నప్పట్నుంచీ పాడుతుంది. నీకు ఇష్టం లేకపోతే సినిమాలోంచి తీసేస్తుంది."

ఆవిడ నన్ను చివరిదాకా అననిచ్చింది. అది చూసి భయమేసింది.

వీధిలో అందరికీ తెలుసా అంది. తెలుసన్నాను. మీరూ నవ్వారా అంది. రంపపు పొట్టు అనబోయి మానేశాను. పాట మధ్యలో నేను నిజంగా అన్ని మాటలంటానా అంది. అంటావన్నాను. మరి ఇన్నాళ్ళూ ఒక్కళ్ళూ చెప్పలేదేం అంది.

"చెప్తే పాట మానేస్తావని," అన్నాను.

అది నేను రంపం ముందు చెప్పుకున్న దాంట్లో లేదు. ఎలా వచ్చిందో తెలీదు.

మీ పిన్ని పొయ్యి దగ్గరికి వెళ్ళింది. అటు తిరిగే, "ఉంచమనండి. మొదట సాగదీసింది కూడా ఉంచమనండి. నేను దిద్దినట్టు తెలియాలి కదా," అంది.

టీ గ్లాసు కొంచెం దగ్గరికొచ్చింది.

బాబాయి

*

మేకప్ గది,
ఆదివారం

బాబాయ్,

సినిమా విడుదలైంది. మా సీనుకి జనం లేచి నిలబడుతున్నారట. నిన్న మొహం కప్పుకుని నేనూ వెళ్ళి చూశాను. పిన్ని గొంతు కెమెరా వెనక నుంచి రాగానే హాలు పైకప్పు ఎగిరిపోయింది.

ఇప్పుడు మిగతాది విను, నవ్వాలో ఏడవాలో నాకు చెప్పు. సినిమా మొదట్లో పేర్లు వేస్తారు కదా. టోపీ మర్యాదకి, గాత్ర సహకారం అని పిన్ని పేరు వేశాడు. చూసినవాళ్ళు రెండూ రెండూ కలిపి ఏడు చేశారు. తెర వెనక ఎవరో పెద్దావిడ కూర్చుని ఏడు గొంతులూ పాడేసిందట. మధ్యలో అలవాటు కొద్దీ కసిరిందట. అది కూడా బాగుందని అలాగే ఉంచేశారట. పేపర్లో రాశారు, ఏడు గొంతుల పెద్దమ్మ అని. కింద ఒక్క ముక్క నా గురించి కూడా ఉంది. పెదాలు చక్కగా కలిపిందట.

దేవుడా అని నెత్తి కొట్టుకుంటే విగ్గు ఊడింది.

నిర్మాత ఆనందానికి పట్టపగ్గాల్లేవు. తరవాతి సినిమాకి పిన్నిని అడగడానికి మనిషిని పంపుతున్నాడు. నిజం చెప్పమని టోపీ అంటున్నాడు. చెప్పను. కారులో ఆవిడ నా చెయ్యి నిమిరింది చూడు, అది పోవడంలేదు. "ఇన్నాళ్ళకి" అందని నువ్వు రాసిన మాట కూడా. ఒకసారి ఆవిణ్ణి పిలిచి వెనక్కి పంపాను. ఇప్పుడొచ్చిన ఈ పేరు మళ్ళీ నా చేత్తో లాక్కోలేను. రేపట్నుంచి కొత్త సినిమా. హీరోయిన్‌కి జ్వరం వస్తుంది, నేను తడిగుడ్డ వేస్తాను. రుమాలు మీద అదొక మెట్టు పైకే.

నువ్వు కూడా ఆవిడతో ఏమీ అనకు. నువ్వు అడిగితే ఏమవుతుందో చూశాం.

పిట్ట

*

అడితి, రంపాల గది

పిట్టకి,

నేనేమీ అనలేదు. అనడానికి సందు కూడా లేదు. ఇంటి నిండా మనుషులు.

పేపరు వచ్చిన దగ్గర్నుంచీ మీ పిన్ని వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళంతా ఏడు గొంతులూ మీవేనా అని అడిగారు. ఆవిడ అవునని అనలేదు. కాదనీ అనలేదు. నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. బాగా ఇష్టమైంది తింటున్నప్పటిది. దర్జీ పెళ్ళాం నా వైపు చూసింది. నేను చెప్పుల వైపు చూశాను.

నిర్మాత మనిషి కూడా వచ్చాడు. రేపు చెప్తానంది.

నాలుగు రోజుల కింద సినిమా హాలువాళ్ళు సభ పెట్టారు. హాలు నిండింది. నేను ఆఖరి వరసలో తలుపు పక్కన కూర్చున్నాను. పూలగుత్తి ఇచ్చారు. ఒక పెద్దమనిషి లేచి, అమ్మా, ఏడు గొంతులూ ఒక్కసారి మా కోసం అన్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను. నా పని ఎందుకు అయిపోవాలో తెలీదు. కాళ్ళు మాత్రం తలుపు వైపు తిరిగాయి.

మీ పిన్ని మైకు దగ్గరికి వెళ్ళింది. చెవికి చెయ్యి ఆనించింది. తేనె గొంతావిడ పాట ఎత్తుకుంది. వచ్చింది మీ పిన్ని గొంతే. ముక్కావిడ పాట పాడింది. అదీ మీ పిన్నే. ఏడ్చే ఆవిడా మీ పిన్నే. జలుబు పెద్దాయన కూడా మీ పిన్నే. జనం మొదట వేళాకోళం అనుకుని నవ్వారు. తరవాత గుసగుసలు. వెనక నుంచి ఎవడో ఈల వేశాడు. నేను లేచాను. ఎందుకు లేచానో తెలీదు. లేచి నిలబడ్డాను, అంతే. మీ పిన్ని అంత దూరం నుంచీ నన్ను చూసింది. చూసి, కూర్చోమని చేత్తో సైగ చేసింది.

తరవాత మైకులో అంది, "విన్నారుగా. నాకున్నది ఒకే గొంతు. ఆ ఆరూ మా పిల్లవి."

ఏడోది మీదే కదమ్మా అన్నాడు పెద్దమనిషి.

"ఏడోదీ దానిదే. నేను తప్పులు దిద్దాను."

పేపరు మనిషి రాసుకున్నాడు. నీ పేరు చెప్పింది. అతను సరిగ్గా రాశాడో లేదో అని వేదిక దిగి, కాయితం తీసుకుని చూసింది. మర్నాడు పేపర్లో వచ్చింది. నీకు పంపుతున్నాను. ఫోటో మాత్రం ఆవిడదే వేశారు. వద్దని ఆవిడ అనలేదు.

సభ నుంచి ఇంటికి నడిచాం. వాకిట్లోకి వచ్చాక, "ఒక వారం బాగుంది," అంది. లోపలికి వెళ్ళింది. నిర్మాత మనిషికి, పాడేది కావాలంటే పిట్టని అడగమని, తిట్టేది కావాలంటే తను వస్తానని చెప్పిందట. అతను రెండూ రాసుకెళ్ళాడు.

సాయంత్రాలు మళ్ళీ పాట మొదలైంది. దర్జీ కిటికీ ఒక తలుపు తెరిచే ఉంచుతున్నాడు.

ఒక మార్పు వచ్చింది. మీ పిన్ని ఇప్పుడు అనుకరణ చేస్తోంది. నిన్నే. తనలా పాడేటప్పుడు నువ్వు ఎలా ఉంటావో అలా. పాడే ముందు వీధికి చెప్పి మరీ మొదలుపెడుతోంది, ఇది మా పిట్ట గొంతు అని. పాడేది మాత్రం తన గొంతుతోనే. ఏమైనా తేడా తెలుస్తోందా అని నన్ను అడిగింది.

చాలా తేడా ఉందన్నాను. వాక్యం అక్కడే ఆపాను.

బాబాయి